నుయ్యి ఎరిగిన మొక్క

ఏలూరులో మా పిన్నివాళ్ల పాత పెంకుటింటి పెరట్లో ఒక నుయ్యి ఉండేది. చేద దించుతూ లోపలికి తొంగిచూస్తే నీళ్లకు రెండు బారల పైన, ఇటుకల సందుల్లోంచి పచ్చటి ఆకులు వేలాడుతూ కనిపించేవి. వాటిని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పొయ్యలేదు. చాంతాడు రాసుకుని ఆకులు తెగిపోయినా, కొన్నాళ్లకే జిలేబీ చుట్టల్లాంటి చిగుళ్లు మళ్లీ లేచేవి. పిన్ని వాటిని పిచ్చిమొక్కలనేది. పూడిక తీయడానికి దిగినవాళ్లు గోడలు గీకేస్తే అవీ పోయేవి. మరుసటి వానాకాలానికి మళ్లీ అక్కడే.

ఆ పిచ్చిమొక్కల చుట్టాలనే ఇప్పుడు గోదావరి దాటి వెళ్లి, కడియపులంక నర్సరీల్లో డబ్బులిచ్చి కొనుక్కొస్తున్నాం. ఫెర్న్ అంటాం, హాల్లో టీవీ పక్కన పెడతాం. నెల తిరక్కుండానే ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతాయి. నావి అలా రెండు పోయాయి. మూడోది తెచ్చినప్పుడు నర్సరీవాళ్ల కాగితం మీది సూచనలు పక్కన పెట్టి నూతిని గుర్తు చేసుకున్నాను. లోపల ఏముండేది? ఎండ తగిలేది కాదు గానీ ఆకాశం కనిపించేది. గోడకు తడి ఉండేది గానీ నీరు నిలిచేది కాదు. గాలి ఎప్పుడూ చెమ్మగా, కదలీ కదలనట్టు ఉండేది. ఇంట్లో ఒక మూలను అలా నూతిగోడ చేయగలిగితే ఫెర్న్ దానంతటదే బతుకుతుంది.

ఈ సంగతి లండన్‌లో ఒక డాక్టరుకు 1829లో తెలిసొచ్చింది. నథానియెల్ వార్డ్ అనే ఆయన తోటలో ఫెర్నులు పెంచాలని ఎంత తంటాలు పడ్డా ఊళ్లోని బొగ్గుపొగకు అవి చచ్చిపోయేవి. ఒకసారి ఆయన చిమ్మటపురుగు గూడును కొంచెం తడిమట్టితో సీసాలో వేసి మూత పెట్టాడు. పురుగు సంగతి ఎలా ఉన్నా, ఆ మట్టిలోంచి అడగని ఫెర్న్ ఒకటి మొలిచింది. మట్టిలోని నీరు ఆవిరై గాజుకు పట్టి, మళ్లీ మట్టిలోకే జారుతోంది. ఆ కిటుకుతోనే ఆయన చేయించిన గాజుపెట్టెలు తర్వాత ఓడలెక్కి దేశదేశాలకు మొక్కల్ని మోశాయి. చైనా తేయాకు మొక్కలు వాటిలో మన దేశానికీ వచ్చాయి. నా లెక్కలో ఆ పెట్టె గాజుతో కట్టిన నుయ్యి.

మన నర్సరీల్లో ఎక్కువగా దొరికే బోస్టన్ ఫెర్నుది మరో కథ. 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు వెళ్లిన మొక్కల సరుకులో ఒకటి మాత్రం తోటివాటిలా నిటారుగా నిలబడక, ఆకుల్ని వంపుగా కిందికి వాల్చింది. ఆ వంకర నచ్చి దాన్నే పిలకలు తీసి పెంచారు. దాని జాతిపేరు నెఫ్రోలెపిస్. గ్రీకులో నెఫ్రోస్ అంటే మూత్రపిండం, లెపిస్ అంటే పొలుసు. ఎందుకలా పేరు పెట్టారో ఆకు తిప్పి చూస్తే తెలుస్తుంది. అంచు వెంబడి వరసగా గోధుమరంగు చుక్కలు, ఒక్కోదాని మీద చిక్కుడుగింజ ఆకారంలో పల్చటి పొర.

ఈ చుక్కల దగ్గరే చాలామంది మోసపోతారు. మా పక్కింటావిడ ఒకరోజు ఆకు పట్టుకొచ్చి, "అక్కా, పురుగు పట్టేసింది, వేపనూనె కొట్టనా?" అంది. వద్దమ్మా అన్నాను. ఫెర్న్ పువ్వు పూయదు, విత్తు కట్టదు. ఆ చుక్కల్లో ఉండేవి బీజరేణువులు, పొడికంటే సన్నం. అవి తడి దొరికిన చోట పడితే గోరంత కూడా లేని పచ్చటి హృదయాకారపు రేకుగా మొలుస్తాయి. ఆ రేకు మీద మగకణం ఆడకణాన్ని చేరాలంటే ఈదుకుంటూ వెళ్లాలి, కాబట్టి పల్చటి నీటిపొర అయినా ఉండి తీరాలి. ఈ జాతంతా చెమ్మని పట్టుకుని బతకడానికి కారణం ఇదే. పురుగుకూ బీజానికీ తేడా కనిపెట్టడం తేలికే. వరస తప్పకుండా, ప్రతి రెక్క మీదా ఒకేలా ఉంటే బీజాలు. కాడ మీద అక్కడొకటి ఇక్కడొకటి అతుక్కుని గోరుతో గీకితే ఊడొస్తే పొలుసుపురుగు, దూదిలా తెల్లగా ఉంటే పిండినల్లి. వాటిని తడిబట్టతో తుడవాలి. నూనె మందులకు ఫెర్న్ ఆకు మాడిపోతుంది.

మా కొల్లేరు సరస్సు చుట్టుపక్కల మనుషులకు ఫెర్న్ కొత్త కాదు, ఆ పేరుతో తెలియదంతే. వరిచేలో నీటిపైన చాపలా పరుచుకునే అజొల్లా ఫెర్నే. దాని ఆకు గుల్లల్లో కాపురముండే నీలిఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి రైతులు దాన్ని పచ్చిరొట్టలా చేలో కలుపుతారు, పశువులకూ వేస్తారు. తడిగట్ల మీద ఒక కాడకు నాలుగు రెక్కలతో కనిపించే మార్సీలియా కూడా ఈ వంశమే. నేను అజొల్లాను మాగబెట్టి, గుప్పెడు మాత్రం, వానాకాలంలో కుండీకి వేస్తాను. యూరియా మాత్రం వేయకూడదు. ఫెర్న్ వేళ్లు చాలా సన్నం, ఆ ఘాటుకు కాలిపోతాయి.

కొల్లేరు పేరు వచ్చింది గనుక నా తెలివితక్కువ పని కూడా చెప్పాలి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు కదా, దాని ఒండ్రును మించిన సారం ఎక్కడుంటుందని, కైకలూరు వైపు చెరువు గట్టు నుంచి ఒక బస్తా నల్లమట్టి తెచ్చాను. రెండో ఫెర్నును చంపింది అదే. ఆ బంకమట్టి తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. అందులో వేళ్లకు గాలి ఆడలేదు. సారం వరికి కావాలి. ఫెర్నుకు కావలసింది ఇటుకసందు లాంటి గుల్ల. ఇప్పుడు రెండు పాళ్లు కొబ్బరిపొట్టు, ఒక పాలు చివికిన ఆకుల ఎరువు, ఒక పాలు వరి ఊకా చితక్కొట్టిన బొగ్గూ కలుపుతున్నాను. కొబ్బరిపొట్టును ముందు రెండు మూడు నీళ్లలో కడిగి పిండాలి, అందులో ఉప్పుంటుంది. ఊకకు కరువా, తాడేపల్లిగూడెం రైసుమిల్లు గేటు దగ్గర ఆగితే సరి. కుండీ అడుగున గులకరాళ్ల వరస వేసే అలవాటు నేను మానేశాను. నీరు గులకరాళ్లలోకి దిగకుండా వాటి పైన మట్టిలోనే నిలుస్తుంది. అడుగున చిల్లి ఉండి, దాని మీద ఒక పెంకుముక్క ఉంటే చాలు.

తర్వాత నీళ్లు. ఊరంతా బోర్లే, సరస్సు వైపు వెళ్లేకొద్దీ ఉప్పదనం. ఆ నీళ్లు పోస్తే ఆకు కొనలు మాడతాయి. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లు మరీ చేటు, వడగట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. వాననీరు పట్టిపెట్టుకుంటే మేలు. వేసవిలో నాకు దొరికిన ఉపాయం ఏసీ గొట్టం కింద బక్కెట్టు. ఏసీ గదిలో చెమ్మనంతా పీల్చి ఫెర్నును ఎండగడుతుంది, ఆ పీల్చిన చెమ్మే ఉప్పులేని నీరై చుక్కచుక్కగా బయటికి కారుతుంది. మొక్కను ఆ గదిలో పెట్టను, నీళ్లు మాత్రం తెచ్చి పోస్తాను. ఎప్పుడు పోయాలో వేలే చెబుతుంది. మట్టిలో ఒక కణుపు లోతు దింపితే చల్లగా తగలాలి, కానీ అంటుకోకూడదు.

చెమ్మ కోసం రోజుకు పదిసార్లు తుంపర కొట్టేవాళ్లను చూశాను. ఆ తడి కాసేపట్లో ఆరిపోతుంది. మా అమ్మమ్మ ఇంట్లో మంచినీళ్ల కుండ ఇసుక తిన్నె మీద ఉండేది. కుండ ఊరుతుంటే ఇసుక తడిగా ఉండేది, ఆ తడిలో ధనియాలు చల్లితే కొత్తిమీర వచ్చేది. నేను అదే పెట్టాను. వెడల్పాటి మట్టిమూకుడు నిండా ఇసుక పోసి, దాని మీద కూజా, కూజా పక్కనే ఫెర్న్. కూజా చెమర్చే నీటితో ఇసుక తడుస్తుంది, ఇసుక చుట్టూ గాలి చల్లబడుతుంది. మొక్క మట్టికుండీలోనే ఉండాలి. ప్లాస్టిక్ కుండీ చెమర్చదు. స్థలం లేకపోతే ఉట్టి కట్టండి. కొబ్బరితాడు ఉట్టిలో కుండీ దింపి, తూర్పు కిటికీకి నాలుగడుగుల లోపల వేలాడదీస్తే, బోస్టన్ ఫెర్న్ ఆకు దాని వాలు అది చూసుకుంటుంది.

వైశాఖం దాటి రోహిణి కార్తె వచ్చిందంటే అసలు పరీక్ష. పడమటి వడగాలి ఒక్క మధ్యాహ్నం ఇంట్లోకి దూరిందంటే నెలల కష్టం పోతుంది. ఆ రోజుల్లో పడమటి కిటికీ మూసి, తడిపిన గోనెపట్టా కడతాను. ఆకులు పోయినా కుండీ పారేయకండి. ఎండినవన్నీ మొదలుకంటా కోసి, మట్టి మాత్రం తడి ఆరకుండా నీడలో ఉంచితే, తొలకరికి చుట్టల చిగుళ్లు రావచ్చు.

ఫెర్నును గాలి శుభ్రం చేస్తుందని అమ్ముతారు. నాసా వాళ్లు 1989లో మూసిన పెట్టెల్లో ఇంటి మొక్కలతో చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన మాట అది. 2019లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేసినవాళ్లు, తలుపులూ కిటికీలూ ఉన్న ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలు, ఒక్కోచోట 1000 కావాలని తేల్చారు. గాలి కోసమైతే కిటికీ తెరవండి, ఖర్చు లేదు.

రెండేళ్లకు కుండీ నిండా వేళ్లే అవుతాయి. తొలకరి వానలకు దించి, ముద్దను కత్తితో రెండుగా కోస్తే చాలు. దారాల్లాంటి తీగల చివర మొలిచిన పిల్లమొక్కలు విడిగా వస్తాయి. అలా వచ్చినదాన్ని పోయిన ఏడాది పిన్నికి పట్టుకెళ్లాను. "ఇదా, మన నూతిలో మొక్కేగా, కొనుక్కొచ్చావుటే?" అంది.

ఆ నూతి మీద ఇప్పుడు సిమెంటు పలక, పలక మీద మోటారు. మొన్న మోటారు బాగుచేయడానికి వచ్చినతను పలక జరిపితే తొంగిచూశాను. లోపలంతా చీకటి, గోడలు ఖాళీ. పలక ఒక మూల బెత్తెడు విరిగి ఉంది. ఆ సందులోంచి వెలుగు పడే చోట, ఇటుకకూ ఇటుకకూ మధ్య, ఆకు ఒకటి విప్పుకుంటోంది.