వెలియు, బహిష్కారమును

ఈ నడుమ తెలుగునాట పాలకును పార్టీ యేర్పడినది. హెరిటేజి సంస్థ 1992లో చంద్రబాబునాయుడుగారు స్థాపించినది గనుక ఆ పాలు ముట్టమనువారొకరు. సాక్షి పత్రిక 2008లో జగన్మోహనరెడ్డిగారు స్థాపించినది గనుక దానిని గడప త్రొక్కనీయమనువారు మరియొకరు. టీకొట్టు బల్లమీద ఏ పత్రిక పడియున్నదో చూచి లోనికి బోవలెనా, ముందుకు సాగవలెనా యని తటపటాయించు కాలము వచ్చినది. ఒక వ్యాపారి రాజకీయపక్షము మనకు నచ్చనప్పుడు అతని సరకు మానుట ధర్మమేనా? ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు వీలులేదు. తన రూపాయి యెచ్చటికి బోవుచున్నదో చూచుకొనుట పౌరుని హక్కు. ఒక్కొక్కప్పుడు బీదవాని చేతనున్న ఆయుధమదొక్కటియే.

దీనిని గూర్చి మనదేశమున వెలువడిన కథలలో మిక్కిలి లోతైనది రవీంద్రనాథఠాకూరు రచించిన ‘ఘరే బాయిరే’ యని మా యభిప్రాయము. 1916లో గ్రంథరూపమున వెలువడిన యీ నవలకు వంగదేశపు స్వదేశోద్యమము రంగము. నిఖిలుడు జమీందారు. ఉద్యమము పుట్టకముందే స్వదేశపు పెన్సిలును స్వదేశపు కత్తితో చెక్కుకొని, నలుగురి నవ్వులు సహించి, దేశపు వస్తువులను వాడినవాడు. అట్టివాడే, తన సంతలో పరదేశపు సరకును నిషేధింపుమని స్నేహితుడు సందీపుడును, భార్య విమలయు నెంత చెప్పినను వినడు. తాను మానుట తన యిష్టము, ఇతరులచే మాన్పించుట దౌర్జన్యము అని యతని వాదము. ప్రక్క జమీందారు హరీశకుండునకు ఇట్టి సంకోచములు లేవు. పంచు అను నిరుపేద పరదేశపు బట్టలు తెచ్చి యమ్ముకొనగా అతనికి నూరురూపాయలు జుల్మానా వేసి బట్టలు తగులబెట్టించును. దేశభక్తియు పాతపగయు నొక్క బండి నెట్లెక్కునో ఈ ఘట్టమంత చక్కగ చూపిన రచన మరియొకటి మేమెరుగము.

అయినను నవలయందు లోపములు లేకపోలేదు. సందీపుని లోభిగను కాముకునిగను చిత్రించుటచేత గ్రంథకర్త తన పని సులభము చేసికొనినాడు. సందీపుడు చెడ్డవాడైనచో అతని ఉద్యమము చెడ్డదని పాఠకుడనుకొనును. సందీపుని స్థానమున నిజాయితీపరుడైన బహిష్కారవాది నొకనిని నిలిపియున్నచో నిఖిలుడు సమాధానము చెప్పుట కింకను కష్టపడవలసి వచ్చెడిది. మరియొకటి. ఈ కథను విమల, నిఖిలుడు, సందీపుడు ముగ్గురును వంతులవారీగ తమ నోటితో చెప్పుకొందురు. పంచునకు మాత్రము అట్టి ప్రకరణమొక్కటియు లేదు. బహిష్కారపు ఖర్చు భరించినవాడతడు, మాటలాడినవారు పెద్దయింటివారు. ఈ లోటు నవలదే కాదు, మన వాదములన్నిటిదియును.

గోదావరీమండలమునకు ఈ చర్చ పరాయిది కాదు. నరసాపురము దాపుననున్న మాధవాయపాలెమున ఇంగ్లీషు కంపెనీవారికి కోఠీ యుండెను. అచ్చటి బట్టకు ఆ యూరి పేరే ‘మడపొల్లము’ అయి ప్రపంచమంతట పాకినది. పిమ్మట ఇంగ్లండు మరబట్టకును ఆ పేరే చెల్లినది. (నరసాపురమువారిలోనే చాలమందికి ఈ సంగతి తెలియకపోవచ్చును.) ఊరి పేరు నిలిచి ఊరి మగ్గము చెడుట యెట్టిదో తెలిసినవారికి 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చి చేసిన ప్రసంగములు చెవికెక్కుటలో వింతలేదు. వానిని చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనుగున వినిపించిరి. విద్యార్థులు వందేమాతర పతకములు ధరించి కాలేజికి బోయిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ట్రెయినింగు కాలేజినుండి బహిష్కృతులైరి. సరకును బహిష్కరింపుమన్నవారు తామే ముందుగ బహిష్కారము ననుభవించిరన్నమాట. ఆ పోరాటము న్యాయమైనదని చెప్పుటకు మేము సందేహింపము.

కాని రాజమహేంద్రవరమునకు ఈ యాయుధపు రెండవ యంచు అంతకుముందే తెలియును. 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు ఊరు వారిని వెలివేసినది. వంటవారు మానిరి, నీళ్లు మోయువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి స్వయముగ నీళ్లు మోసికొని వచ్చిరి. ఇంగ్లీషున ‘బాయికాటు’ అను మాట పుట్టినది దానికి ఒక్క యేడు ముందు, 1880లో. ఐర్లండు కౌలురైతులు కాప్టెను బాయికాటు అను జమీందారీ ఏజెంటును పలుకరింపక, అతని పొలము కోయక, అతని కేమియు నమ్మక సాధించిరి. అక్కడ బలహీనులు కూడి బలవంతుని విడిచిరి. ఇక్కడ ఊరంతయు కూడి ఇద్దరిని విడిచినది. తీరొక్కటియే, ధర్మము వేరు.

ఇది పాతకథ యని తలపవలదు. 2017లో పశ్చిమగోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కరు విగ్రహము నిలుపబూనినందుకు దళితులకు పొలము పనులు మాన్పించిరి. 1991లో చుండూరి మారణకాండకు ముందును ఇట్టి వెలియే నడచినది. 2015లో సవరింపబడిన అత్యాచారనిరోధ చట్టము, దళితులను గిరిజనులను సాంఘికముగ గాని ఆర్థికముగ గాని బహిష్కరించుట నేరమని స్పష్టముగ జెప్పవలసి వచ్చినది. బహిష్కారమను మాట విన్నంతనే ఉత్సాహపడు యువకులు ఈ మాటకు మన పల్లెలలోనున్న మొదటి యర్థమును మరువగూడదు.

గాంధీగారు ఈ తేడా నెరిగినవారే. 1921 జులై 31వ తేదీన బొంబాయిలో పరదేశవస్త్రములు దహనమైన పిమ్మట, అక్టోబరులో రవీంద్రులు ‘మోడరన్ రివ్యూ’ పత్రికలో ఆక్షేపణ తెలిపిరి. బట్టలేనివారున్న దేశమున బట్ట కాల్చుట యేల యనునది వారి బాధలలో నొకటి. పనికావలసినవానికి మనము విడిచిన గుడ్డ పారవేయుట వాని నవమానించుటయని గాంధీగారి జవాబు. ఈ జవాబులో మమ్ము పట్టునది తర్కముకాదు, ఖర్చు. ఆయన మానుమన్నవాడు ముందు తాను వడకవలయును, తన పెట్టెలోని బట్ట తాను తీసి యీయవలయును. నేటి పాలపొట్లపు వీరులు చేయు త్యాగమేమి? ఒక కొట్టు మాని ప్రక్కకొట్టుకు బోవుట.

పోలవరము గృహస్థునివైపు చూడుడు. వాని కన్నులయెదుట దేశములోని పెద్దపనులలో నొకటి జరుగుచున్నది. ఆ యానకట్ట పనులు 2019 నవంబరులో మేఘా ఇంజనీరింగు సంస్థ చేతికి వచ్చినవి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీముకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టివేసి వివరములు బయటపెట్టుమన్నప్పుడు, మార్చిలో, ఆ సంస్థ 966 కోట్ల రూపాయల బాండ్లు కొనినట్లు తేలినది. కొన్ననాటికి అది చట్టసమ్మతమే. నేరము మోపుట మా యుద్దేశము కాదు. మేమడుగునది వేరు. ఇది తెలిసి పోలవరమువాడు దేనిని మానవలయును? ఆనకట్ట అంగడిలో కొను సరకుకాదు. దానికి కొనుగోలుదారు ప్రభుత్వము. వెల చెల్లించునది ప్రజలందరి పన్ను. పెద్ద ధనము రాజకీయమును తాకు చోట మన బహిష్కారము చేరదు. చేరు చోట, వీధి మొగలో, పలుకుబడిలేని కొట్టువాడుండును. పెద్దదానికి మందు చట్టము, లెక్క బయటపెట్టుట, ఓటు. ఆ పని కష్టము గనుక చిన్నవానిమీద కోపము తీర్చుకొందుము.

ఇక పాలమాట. ఆ పొట్లములోనిది నాయకుని పశువు పిదికినది కాదు; ఒక్క గేదెతో సంసారమీదుకొను ఆడుది తెల్లవారుజామున కేంద్రమునకు మోసికొని వచ్చి పోసినది. 2020లో నాటి ప్రభుత్వము అమూలును రాష్ట్రమునకు రప్పించినప్పుడు అది రైతు మేలుకొరకని కొందరును, పగకొరకని కొందరును వాదించిరి. గేదె గలవాని ప్రశ్న లీటరుకెంత, ఎన్నినాళ్లకు చెల్లింతురు అనియే. సంస్థ పాడిరైతును మోసగించినచో, పనివానిని పీడించినచో మానుడు, మానితిమని చెప్పుడు, అది సరిదిద్దుకొన్ననాడు మరల కొనుడు. యజమాని కండువా రంగు నచ్చక మానదలచినను మేమడ్డుపడము, అది మీ రూపాయి. కొట్టు గుమ్మమున నిలిచి లోనికి బోవు మరియొకని చేయి పట్టినంతనే మీరు హరీశకుండుని పక్షమైతిరి.

ఇన్ని నవలలు వెలువడు తెలుగున పంచుని నోట కథ చెప్పించినవారు మాకు కానరారు. పాపికొండలు విడిచి గోదావరి వెడల్పయ్యెడు చోట, రెండు పార్టీల జెండాల నడుమ కొట్టు పెట్టుకొని, వచ్చినవాడెవ్వరివాడో చూపుతోనే కనిపెట్టి, బల్లమీది పత్రికను ఒకసారి మడిచి ఒకసారి విప్పుచు, ఏ మాటయు పలుకక బెల్లము తూచు మనిషి యొకడుండును. వాని పుస్తకమెవరైన వ్రాసినచో ముందుగ సమీక్షించుటకు మేము సిద్ధము.