బావి దగ్గరికి వెళ్లేముందు

క్షేత్ర పరిశీలనకు అంశం ఎంచుకోమంటే మా తొమ్మిదో తరగతి పిల్లలు ‘మా ఊరి చెరువు’ అని రాసుకొచ్చారు. అది అంశమే గానీ ప్రశ్న కాదు. అంతమాత్రంతో బయల్దేరితే మత్తడి మీద ఫొటోలు దిగి వస్తారు, ప్రాజెక్టు పుస్తకం నిండా పాఠంలోని వాక్యాలే ఉంటాయి. అలాంటి పుస్తకాలకు నేను ఏళ్ల తరబడి మార్కులు వేశాను. వేయకుండా ఉండాల్సింది.

ఈసారి వారం రోజులు ప్రశ్న మీదే కూర్చున్నాం. కట్ట కింది పొలాల్లో చెరువుకు దగ్గరున్న బావుల్లో నీళ్లు పైకి ఉంటాయా, దూరం పోయేకొద్దీ లోతుకు దిగుతాయా? ఇది తాడుతో కొలవగలిగే ప్రశ్న, ఒక్క పూటలో తేలుతుంది. మన ఊహ తప్పని కూడా తేలవచ్చు, అందుకే నాకు నచ్చింది.

పిల్లలు దారి పక్కనున్న బావులే రాసుకున్నారు. కాదని, కట్ట నుంచి సుమారు 100 మీటర్లకొకటి చొప్పున గుర్తించమన్నాను. తాడుకు రాయి కట్టి అర మీటరుకో ముడి వేశారు. గోడ అంచు నుంచి నీళ్ల దాకా 6 మీటర్లు వచ్చి, గోడ ఎత్తు 80 సెంటీమీటర్లయితే, రాసుకోవాల్సింది 5.2. కేంద్ర భూగర్భజల మండలి లెక్కల్లోనూ లోతు నేలమట్టం నుంచే. గోడ లేని బావి దగ్గర తాడు రైతో నేనో పట్టుకోవాలి, పిల్లలు పదడుగుల దూరంలో నిలబడి అంకె రాసుకోవాలి.

ముందుగా ఇద్దరు పిల్లలతో ఒకసారి వెళ్లి చూశాను. తాడు దించుతుంటే ఓ పెద్దాయన దగ్గరికొచ్చాడు. “మోటరు గిప్పుడే బంద్ చేసిన బిడ్డా. నీళ్లు ఊరాలె. పొద్దుగాల రాండ్రి” అన్నాడు. అప్పుడే తోడిన బావిని కొలిస్తే మాకు దొరికేది మోటరు లెక్క, చెరువు లెక్క కాదు. ఆ మాట మా ప్రణాళికనే మార్చేసింది. ఇప్పుడు రైతులందరితో మాట్లాడి, రాత్రంతా మోటరు ఆపిన బావుల్నే తెల్లవారగానే కొలవాలని పెట్టుకున్నాం.

“నేల కూడా వాలుగా ఉంది కదా సార్, ఆ తేడా ఎట్లా?” అని ఒకమ్మాయి అడిగింది. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెప్పిస్తున్నాను.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ పిల్లలు ఇలాంటి ప్రయాణానికి అనుమతి పత్రం తెస్తే, సంతకం పెట్టేముందు ఏం కొలవబోతున్నారో అడగండి.