నహూము రథాలూ, డెట్రాయిట్ కార్లూ

బైబిలు పాత నిబంధనలో నహూము ప్రవక్త పుస్తకం చాలా చిన్నది. దాని రెండవ అధ్యాయంలో వీధుల్లో ఒరుసుకుంటూ, కాగడాల్లా మెరుస్తూ దూసుకుపోయే రథాల వర్ణన ఉన్నది. అమెరికాలో 1891లో ఛార్లెస్ టేజ్ రస్సెల్ అనే మత వ్యాఖ్యాత ఆ రథాల్లో రైలుబండిని చూశాడు. లోకాంతం దగ్గరపడిందనటానికి అదొక గుర్తు అన్నాడు. మోటారుకార్లు రోడ్లనిండా తిరగటం మొదలైన తరువాత వచ్చిన బోధకులు అదే వర్ణనలో కారును చూశారు. కాగడాలు హెడ్‌లైట్లయినాయి, ఒరుసుకోవటం రోడ్డు ప్రమాదమైంది. రైలుబండి ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఏ యంత్రం వస్తే ఆ యంత్రానికి అతికే అర్థం ఏ యంత్రాన్నీ ముందుగా చెప్పినట్టు కాదు.

దీన్ని మూఢనమ్మకమని నవ్వి వదిలెయ్యటం మన మిత్రుల్లో చాలామందికి అలవాటు. ఆ నవ్వు చాలదని నా అభిప్రాయం. ఈ వ్యాఖ్యానం ఒక సాహిత్య విమర్శ పద్ధతి. దానికి ఒక రాజకీయం ఉన్నది. దాన్ని విమర్శతోనే ఎదుర్కోవాలి.

ఈ పద్ధతికి మన కాలపు ఆచార్యుడు హాల్ లిండ్సే. 1970లో ఆయన కారోల్ కార్ల్‌సన్‌తో కలిసి రాసిన ‘ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్’ ఆ దశాబ్దంలో అమెరికాలో, కథాసాహిత్యం కానివాటిలో, అన్నిటికన్న ఎక్కువగా అమ్ముడుపోయిన పుస్తకం. ప్రకటన గ్రంథంలోని పది కొమ్ముల మృగం యూరపు ఉమ్మడి మార్కెట్టు అన్నాడు. యెహెజ్కేలు చెప్పిన గోగు సోవియట్ రష్యా అన్నాడు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది గనుక, ఒక తరం అంటే సుమారు నలభై ఏళ్ళలో అంతా ముగియవచ్చునని లెక్క చెప్పాడు. 1981లో ఆ మార్కెట్టులో పది దేశాలయినాయి, 1986లో పన్నెండయినాయి, ఇవాళ యూరపు సమాఖ్యలో 27. 1988 వచ్చింది, పోయింది. 1991లో సోవియట్ యూనియన్ కూడా పోయింది. అయినా, 2024లో చనిపోయేదాకా లిండ్సేకు శ్రోతలు కరువు కాలేదు.

1973లో రాసిన మరో పుస్తకంలో ఆయన ప్రకటన గ్రంథం తొమ్మిదవ అధ్యాయంలోని మిడతలను కోబ్రా హెలికాప్టర్లు కావచ్చునన్నాడు. ఇనప కవచాలూ, రెక్కల హోరూ, తోకలో విషమూ సరిపోయినాయట. ఈ పోలిక దగ్గర మనం కొంచెం ఆగాలి. 1967లో ఆ కోబ్రాలు వియత్నాంలో దిగినాయి. అవి ఎవరి పొలాలమీద ఎగిరినాయో, ఎవరిని కాల్చినాయో అమెరికా పాఠకుడికి తెలియని విషయం కాదు. అయినా వ్యాఖ్యాతకు ఆకాశంలోని మిడత కనిపించింది గాని, కింద ఉన్న రైతు కనిపించలేదు. ఈ పద్ధతి చేసే పని ఇదే. ఆయుధాన్ని చూపిస్తుంది, దాన్ని చేసినవాణ్ణీ, వాడినవాణ్ణీ మరుగుపరుస్తుంది.

ఆ మిడతలు అగాధకూపంలోనుంచి రాలేదు. టెక్సాస్‌లోని బెల్ కంపెనీ తయారు చేసింది. అవి వియత్నాం చేరేనాటికి అమెరికా రక్షణమంత్రి రాబర్ట్ మెక్‌నమారా. 1961లో ఆ పదవి చేపట్టకముందు ఆయన ఫోర్డు మోటారు కంపెనీ అధ్యక్షుడు. అంతకుముందు 1953లో జనరల్ మోటార్స్ అధ్యక్షుడు ఛార్లెస్ విల్సన్ ఇదే పదవికి వచ్చాడు. కారుకూ యుద్ధయంత్రానికీ నిజంగానే సంబంధం ఉన్నది. కాని అది నహూము పుస్తకంలో లేదు, కంపెనీల లెక్కల పుస్తకాల్లో ఉన్నది. 1942 ఫిబ్రవరిలో అమెరికా ప్రజలకు కార్ల తయారీ ఆగిపోయింది. మిచిగాన్‌లో ఫోర్డువారి విల్లో రన్ కర్మాగారం 8,600కు పైగా బి-24 బాంబర్లను చేసింది. క్రైస్లర్ కంపెనీ డెట్రాయిట్ దగ్గర ట్యాంకులు చేసింది. ఆ ఉత్పత్తి ఫాసిజాన్ని ఓడించటానికి తోడ్పడింది, నిజమే. కాని యుద్ధం ముగిసినా కంపెనీలకూ సైన్యానికీ కుదిరిన పొత్తు ముగియలేదు. అమెరికా సైన్యానికి రెడ్‌స్టోన్ క్షిపణిని చేసింది అదే క్రైస్లర్.

ఇవాళ ధనికులు పురాతన వస్తువుల్లా దాచుకుంటున్న ఆనాటి కార్ల అందంలోనూ ఈ పొత్తు కనిపిస్తుంది. 1948 కాడిలాక్ వెనుక లేచిన రెక్కలకు నమూనా పి-38 యుద్ధవిమానం. ఆ విమానం పేరు లైట్నింగ్, అంటే మెరుపు. నహూము రథాలూ మెరుపుల్లాంటివేనని ఏ బోధకుడైనా సంబరపడవచ్చు. నాకు కనిపించేది మాత్రం, యుద్ధాన్ని అలంకారంగా మార్చి అమ్మిన వ్యాపారం.

మరి మూలగ్రంథం ఏమంటున్నది? నహూము పాడింది నీనెవె నాశనాన్ని గురించి. చుట్టుపక్కల జాతులను కప్పాలతో, చెరలతో పీల్చిన అష్షూరు సామ్రాజ్యపు రాజధాని అది; క్రీ.పూ. 612లో కూలింది. ప్రకటన గ్రంథం రోము పాలనలో నలిగినవారి గ్రంథం. అందులో బబులోను అంటే రోము. పద్దెనిమిదవ అధ్యాయంలో ఆ నగరం కూలినప్పుడు ఏడ్చేవారు వర్తకులు. వారి సరుకుల జాబితాలో బంగారం, పట్టుబట్టలు, గోధుమలు, గుర్రాలు, రథాలు వరుసగా వచ్చి, చివర బానిసలు వస్తారు. రథాన్నీ మనిషినీ ఒకే అంగడిలో అమ్మే వ్యవస్థను ఆ రచయిత పోల్చుకున్నాడు. రథం కోసం గాలించిన వ్యాఖ్యాతలు ఈ రథం దగ్గర ఆగరు.

మన కాలజ్ఞానానికి పట్టిన గతీ ఇదే. వీరబ్రహ్మం ఎద్దులు లేని బండ్లను ముందే చెప్పాడని జనం చెప్పుకుంటారు. దూదేకుల సిద్దయ్యనూ, మాదిగ కక్కయ్యనూ శిష్యులుగా చేర్చుకున్న సంప్రదాయంలోని కులధిక్కారం వెనక్కు పోయింది, బండి ముందుకు వచ్చింది.

ఈ వ్యాఖ్యానం వల్ల నష్టం ఊహలో లేదు. 1980లో లిండ్సే అంత్యకాలాన్ని చెప్పిన నోటితోనే అమెరికా ఆయుధబలం పెరగాలన్నాడు. 1984 అక్టోబరులో ఎన్నికల చర్చావేదికమీద అధ్యక్షుడు రీగన్‌ను హార్‌మెగిద్దోను యుద్ధం గురించి అడగవలసివచ్చింది. ఆ ప్రవచనాలను గురించి మాట్లాడుకున్న మాట నిజమేననీ, వాటినిబట్టి పథకాలు వెయ్యలేదనీ ఆయన జవాబు. అణ్వస్త్రాల మీట చేతిలో ఉన్నవాణ్ణి అడగవలసిన ప్రశ్న అది! యుద్ధం దైవలిఖితమైతే శాంతి ఉద్యమం దైవద్రోహమవుతుంది. ఆయుధ వ్యాపారి దైవసేవకుడవుతాడు.

తెలుగుదేశంలో ఈ గ్రంథాన్ని గుండెకు హత్తుకున్నవారిలో ఎక్కువమంది మాలపల్లెల, మాదిగపల్లెల బిడ్డలు. వారి ముందు గ్రంథాన్ని ఎగతాళి చేసే అభ్యుదయవాది, వారిని మిడతల్లో డ్రోన్లను చూపే బోధకుడికి అప్పగిస్తున్నాడు. ఆ పద్దెనిమిదవ అధ్యాయాన్ని వారితో కలిసి చదవాలి. సరుకుల జాబితాను ఒక్కొక్కటిగా చదివి, ఇవాళ వీటిని ఎవరు చేయిస్తున్నారు, ఎవరు అమ్ముతున్నారు, ఎవరిమీద ప్రయోగిస్తున్నారు అని అడగాలి. ఉపాధ్యాయులూ విద్యార్థులూ చెయ్యగల పని ఇది.