చేటల నడుమ కథ

కే.వి.కుప్పంలో తెలుగు మాట్లాడే ఇంటికోసం వెతకాల్సిన పనిలేదు. తెలుగు చదివే ఇంటికోసం మాత్రం ఒక పూటంతా తిరగాలి. (కుప్పం అనగానే ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్న కుప్పం అనుకుంటారు చాలామంది. ఇది అది కాదు. ఇది కీళ్‌వైత్తినాన్ కుప్పం, గుడియాత్తానికీ కాట్పాడికీ మధ్య, వేలూరు జిల్లాలో ఉంది.) 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాడు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్నం. జిల్లా విడిపోయాక మేం వేలూరు వైపు ఉండిపోయాం. చుట్టరికాలు, పెళ్ళి సంబంధాలు ఎప్పటిలాగే నడిచాయి. చదువు మాత్రం మెల్లమెల్లగా తమిళంలోకి మళ్ళింది. 2006లో తమిళాన్ని తప్పనిసరి పాఠ్యభాష చేస్తూ చట్టం వచ్చింది. అది ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకెక్కుతూ 2015-16కు పదో తరగతిని చేరింది. అమ్మతో తెలుగులో పోట్లాడే పిల్లకు తెలుగు అక్షరం ఇప్పుడు ఎవరో వేసిన ముగ్గులా కనిపిస్తుంది.

ఇలాంటి చోట ఉండి తెలుగులో కథలు రాసేవాడు తన పుస్తకం సంగతి ఎవరికి చెప్పుకోవాలి, ఎట్లా చెప్పుకోవాలి? కొన్నేళ్ళుగా నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది.

పుస్తకం అచ్చయితే ఆవిష్కరణ సభ పెట్టడం మనకు అలవాటు. వేదిక మీద పెద్దలు, శాలువలు, ముందు వరసలో తోటి రచయితలు. ఆ సభలను నేను తక్కువ చేయను. సాటి రచయిత చేతిలో మన పుస్తకం పెట్టడం మర్యాద, వాళ్ళ నోట నాలుగు మాటలు వినడం సంతోషం. కానీ ఆ సభకు వచ్చేవాళ్ళు ముందునుంచే పుస్తకాలు చదివేవాళ్ళు. కొత్తగా ఒక మనిషిని పుస్తకం దగ్గరికి తెచ్చే పని అక్కడ జరగదు. ఆ పని వేరే చోట, ఇంకో తీరుగా జరగాలి.

మన సాహిత్యంలో ఆ తీరు కొత్తదేమీ కాదు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది, 1897లో పుస్తకంగా అచ్చయింది. గురజాడ గారికి ముందు దొరికింది ప్రేక్షకులు, ఆ తరవాతే పాఠకులు. తిరుపతి వేంకట కవుల సంగతీ అంతే. సంస్థానాలు తిరిగి అవధానాలు చేశారు, మీసాలు పెంచి సవాళ్ళు విసిరారు. తమను గురించి తాము చెప్పుకోవడానికి వాళ్ళు ఏనాడూ మొహమాటపడలేదు. అయినా ఆ పేరును ఊరూరికీ మోసుకుపోయినవి పాండవోద్యోగ నాటకాలు. ఆ పద్యాలు నోటికి పట్టినవాళ్ళలో అక్షరం రానివాళ్ళు ఎందరో! చెవిన పడ్డ పద్యం మనిషిని వదల్లేదు.

మా ప్రాంతంలో ద్రౌపదమ్మ గుడి దగ్గర మిట్ట మీద జరిగే భారతం చూసినవాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మధ్యాహ్నం పూట కథ, రాత్రికి వీధినాటకం. చివరికి నేలమీద మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి వధ, ఆ పైన అగ్నిగుండం. పద్దెనిమిది రోజులు జనం వస్తూనే ఉంటారు. కథ తెలియక వచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. మరెందుకు వస్తారు? ఆ వేళకు, ఆ మిట్ట మీద, కథ తప్పకుండా ఉంటుందన్న నమ్మకం వాళ్ళకుంది కాబట్టి. చెప్పేవాళ్ళు ఇవాళ్టికి కథను ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు కాబట్టి. పాఠకులను సంపాదించుకోవడం గురించి నాకు తెలిసిన మొదటి పాఠం ఆ మిట్ట మీద నేర్చుకున్నదే.

రెండో పాఠం బీడీలు చుట్టే అరుగు మీద దొరికింది. గుడియాత్తం చుట్టుపక్కల ఆడవాళ్ళకు బీడీ ఇంటి పని. రాత్రి నానేసిన ఆకును రేకు పెట్టి కొలతకు కత్తిరిస్తారు. ఒడిలో చేట పెట్టుకుని, ఆకులో పొడి సర్ది, చుట్టి, కొస మడిచి దారం కడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది, కాబట్టి చెయ్యి ఆగకూడదు, కన్ను చేట మీదనుంచి కదలకూడదు. చెవి ఒక్కటే ఖాళీ. నేను కథలు చదవడం మొదలుపెట్టింది ఆ చెవుల కోసమే.

అక్కడ నా రాతకు జరిగిన పరీక్ష ఏ సమీక్షకుడూ పెట్టలేదు. విసుగొస్తే లేచిపోవడం వాళ్ళ పద్ధతి కాదు. ఊఁ కొట్టడం ఆగిపోతుంది, అంతే. ఊఁ ఆగిన చోట పెన్సిలుతో గీత పెట్టుకుని ఇంటికెళ్ళి చూస్తే, నేను సొంత తెలివి చూపించబోయిన వాక్యమే అక్కడ ఉండేది. ఒకసారి చదువుతుండగా ఒక అవ్వ చెయ్యి ఆపకుండానే అడ్డం తగిలింది.

“ఆ బిడ్డ ఎవురింటిదో చెప్పకుండానే పెండ్లి దాకా పోతివే నాయనా!”

“ముందుకు పోతే వస్తుందవ్వా.”

“ముందుకు పోయేది తరవాత. ఎవురి బిడ్డో తెలీకుండా నేనెట్ల ఏడ్చేది?”

ఆ కథ ఇప్పుడు ఆ బిడ్డ ఇంటిపేరుతో మొదలవుతుంది.

ఈ పని మేమొక్కరమే చేస్తున్నది కాదని తెలిసినప్పుడు నాకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను. కేరళలో కణ్ణూరు బీడీ కార్మికులు తమలో ఒకరిని పత్రికలు, నవలలు చదవడానికి కూర్చోబెట్టి, ఆ మనిషి చుట్టాల్సిన బీడీలు తలా కొన్ని చుట్టి ఇచ్చేవాళ్ళు. అక్కడ 1969లో పెట్టుకున్న దినేశ్ బీడీ సహకార సంఘంలోనూ ఆ అలవాటు సాగింది. ఇంకా వెనక్కి వెళ్తే క్యూబాలో హవానా నగరం. చుట్టల కర్మాగారాల్లో 1865 నుంచి బిగ్గరగా చదివి వినిపించేవాళ్ళుండేవారు. వాళ్ళకు జీతం ఇచ్చింది యజమానులు కాదు, చుట్టలు చుట్టే కార్మికులే. ఏ నవల చదవాలో తేల్చిందీ వాళ్ళే. మాంటెక్రిస్టో చుట్టకు ఆ పేరు డ్యూమా నవల నుంచే వచ్చింది. తన కథ ఆ పొగాకు వాసనలో ఎంతమంది గుండెల్లోకి వెళ్ళిందో ఆ ఫ్రెంచి రచయిత ఊహించి ఉండడు.

సరే, విన్నారు. చదవడం రానివాళ్ళు పుస్తకం కొంటారా? కొన్నారు. ఎవురి బిడ్డని అడిగిన ఆ అవ్వే పలమనేరులో ఉన్న కోడలి కోసం ఒక ప్రతి తీసుకుంది. ఆ కోడలు చిత్తూరు వైపు తెలుగు బళ్ళో చదువుకున్న మనిషి. పండక్కి వచ్చినప్పుడు అత్తకు మిగతా కథలు చదివి పెట్టింది, తిరిగి వెళ్ళాక వాళ్ళ అన్నకు పంపింది. మా వైపు పుస్తకాన్ని కొనేది ఒకరు, చదివేది ఇంకొకరు. మధ్యలో చుట్టరికం ఉంటుంది, ఆంధ్ర సరిహద్దు ఉంటుంది. ఇది అర్థమయ్యాక, కనపడని పాఠకుడి కోసం ప్రకటన రాయడం మానుకుని, కనపడుతున్న శ్రోతకు బాగా చదివి వినిపించడం మీద మనసు పెట్టాను.

ఫోను వచ్చాక ఈ దారి ఇంకా సులువైంది. మా వాళ్ళు వాట్సాప్‌లో రాయరు, మాట్లాడి పంపుతారు. నేనూ కథను నా గొంతుతో పంపుతాను, సగం వరకే. మిగతాది రేపు అదే వేళకు. భారతం మిట్ట నేర్పిన పద్ధతే ఇది. బెంగుళూరులో పనికి పోయిన మా కుర్రవాళ్ళు బస్సులో వింటారు. రెండో సగం ఆలస్యమైతే వాళ్ళే ఫోను చేసి అడుగుతారు.

తన పుస్తకం గురించి తానే చెప్పుకోవడం చిన్నతనం అనుకునే రచయితలు మనలో చాలామంది. “నేను గొప్పగా రాశాను” అని చెప్పుకోవడం చిన్నతనమే, ఒప్పుకుంటాను. “ఈ కథ వినండి” అనడంలో ఏం చిన్నతనం ఉంది? మా పొరుగు జిల్లా మనిషి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు తన యాసలోనే రాశారు, తన పుస్తకాలు తానే జనం దగ్గరికి తీసుకెళ్ళి అమ్మారు. ఆయన స్థాయి ఏమన్నా తగ్గిందా? రంగనాయకమ్మ గారు స్వీట్ హోం పబ్లికేషన్స్ పేరుతో వందల పేజీల గట్టి అట్ట పుస్తకాలను కూడా మామూలు మనిషి కొనగలిగిన ధరకు ఇచ్చారు. నా లెక్కలో ధర కూడా ప్రచారమే. బీడీ కూలి మీద బతికే ఇంట్లో రెండు వందల రూపాయలంటే చేతిలో పట్టుకుని ఆలోచించాల్సిన మొత్తం. నా పుస్తకం ధర ఆ చేతిని చూసి పెట్టాలి.

ఇంకొక సంగతి మిగిలింది. నిరుటి నుంచి నన్ను నిద్రపోనివ్వనిది అదే.

ఆ అవ్వ మనవరాలు తొమ్మిదో తరగతి. తెలుగు చదవడం రాదు. నేను పంపిన కథను ఫోనులో వింటూ, ఆపుతూ, మళ్ళీ వింటూ తన నోటు పుస్తకంలో తమిళ అక్షరాలతో రాసుకుంది. మాటలన్నీ తెలుగే, లిపి మాత్రం తమిళం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. చదివేటప్పుడు తడబాటు రాకుండా ఆ పిల్ల ‘గ’ పలకాల్సిన చోట అక్షరం కింద చిన్న గీత పెట్టుకుంది. ఆ నోటు పుస్తకం చూసి బడిలో ఇంకో నలుగురు తెలుగింటి పిల్లలు కథ చదివేశారు. నా కథను నేను లేనిచోట, నాకు తెలియకుండా, నేను రాయని లిపిలో చదవడం అదే మొదటిసారి.

చెన్నైలో కచేరీలు చేసే తమిళ గాయకులు త్యాగరాజ కీర్తనలను ఎన్నో తరాలుగా తమిళ లిపిలోనే చదువుకుని తెలుగులో పాడుతున్నారు. వాళ్ళ అచ్చు పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి ఉచ్చారణ తేడా చూపిస్తారు. కీర్తనకు పనికొచ్చిన ఉపాయం కథకు ఎందుకు పనికిరాదు? లిపి పోతే భాష పోయినట్టేనని బాధపడే మిత్రులున్నారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ లిపి వచ్చేదాకా కథను దాచిపెడితే ఈ పిల్లలకు కథా దక్కదు, లిపీ దక్కదు. కథ మీద ఇష్టం పుట్టిన పిల్ల రేపు అక్షరాలు నేర్పమని తానే అడుగుతుంది. ఆ మనవరాలు ఇప్పటికే తన పేరు తెలుగులో రాయడం నేర్చుకుంది.

అందుకే వచ్చే పుస్తకంలో ఎడమ పేజీ తెలుగు లిపి, కుడి పేజీ అదే తెలుగు తమిళ అక్షరాల్లో. పేజీలు రెట్టింపవుతాయి గనక కథలు తగ్గించాను, ధర పెంచను. డీటీపీ చేసేవాళ్ళు కీర్తనల పుస్తకాల్లోలాగా అంకెలే వేద్దామన్నారు. మనవరాలు ఒప్పుకోలేదు. “చదివేది మా బడి పిల్లోళ్ళు మామా, పాటలు పాడేవాళ్ళు కాదు, గీతే పెట్టండి” అంది. గీతే పెట్టమని చెప్పాను. కుడి పేజీల ప్రూఫులు తనే చూస్తానంది. పొంగలు సెలవుల్లో కూర్చుంటాం.