జానీ క్యాష్ చిత్రకథలో పాపమును, విమోచనమును

గాయకుని జీవితమును చలనచిత్రముగా మలచుట సులభమని తలచువారు, 2005లో జేమ్స్ మాంగోల్డ్ దర్శకత్వమున వెలువడిన ‘వాక్ ద లైన్’ చిత్రపు తొలి ఘట్టమును నిదానముగా జూతురు గాక. 1968 జనవరి 13న, కాలిఫోర్నియాలోని ఫాల్సమ్ చెఱసాలలో, ఖైదీలు నేల దద్దరిల్ల కాళ్లు తాటించుచు పాటకై యెదురుచూచుచుండగా, పాడవలసిన జానీ క్యాష్ వేదికపై లేడు. పనికొట్టములో గుండ్రని ఱంపము చెంత నిలిచి దాని పండ్లపై వ్రేలిని మెల్లగా నడపుచున్నాడు. ఆ స్పర్శతోనే కథ 1944 నాటి ఆర్కన్సా పత్తిచేల నడుమకు మరలి, అన్న జాక్‌ను బలిగొన్న ఱంపముకడ ఆగును. పాపభారమును ఇంత పొదుపుగా, ఇంత లోతుగా జూపిన గాయకచరిత్రము మఱియొకటి నేనెఱుగను.

జాక్ బోధకుడు కాగోరిన బాలుడు. సరియైన కథ చెప్పలేనివాడు ఎవరికిని మేలుచేయజాలడని నమ్మి బైబిలును వల్లెవేయువాడు. అతడు ఱంపముకడ పనిలో నున్నపుడు తమ్ముడు చేపలు పట్టుచుండెను. పోవలసినవాడు ఉండి, ఉండవలసినవాడు పోయెనను అర్థమునిచ్చు మాటను తండ్రి యనివేయును. ఆ తండ్రి పాత్రలో రాబర్ట్ పాట్రిక్ చూపులోని చల్లదనము తుదివరకు కుమారుని వెన్నాడును. క్రైస్తవదృష్టికి ఇది కయీను కథ తలక్రిందైన రూపము: చేయెత్తకయే సోదరహత్యాదోషమును మోయుచున్నాడు తమ్ముడు. చేయని ఆ నేరమునకు రేయింబవళ్లు కుమిలినవాడు, నిజముగా చేసిన నేరములను, అనగా మాత్రల మత్తును, భార్య వివియన్ యెడల సలిపిన ద్రోహమును, నలుగురు కుమార్తెల విస్మరణమును ఒప్పుకొనుటకు ఏండ్లకేండ్లు జాగుచేసెను. లేని దోషమునకు ఏడ్చుచు ఉన్న దోషమును దాచుకొను మనుష్యస్వభావమును ఏ ప్రసంగపీఠము ఇంత సూటిగా నెఱిగింపగలదు?

ఇక పనితనము. నాయకుడు వాకీన్ ఫీనిక్స్, నాయిక రీస్ విదర్‌స్పూన్ ఒక్క పాటకైనను ఎరువుకంఠమును దెచ్చుకొనలేదు. టీ బోన్ బర్నెట్ శిక్షణలో నెలల తరబడి సాధనచేసి తామే పాడిరి. మెంఫిస్‌లో ధ్వనిముద్రణ నిర్మాత శామ్ ఫిలిప్స్ ఎదుట జరుగు స్వరపరీక్షను గమనింపుడు. క్యాష్ మొదట నొక భక్తిగీతమును బట్టీపట్టినట్లు పాడగా, ఫిలిప్స్ నడుమనే ఆపి, చావుబ్రతుకుల నడుమ ఒక్కటే పాట పాడవలసివచ్చిన ఇదియేనా యని నిలదీయును. అంతట క్యాష్ గొంతు సవరించుకొని, వాయుసేనలో నుండగా తాను కట్టుకొన్న ఖైదీపాటను ఎత్తుకొనును. వెనుకనున్న వాద్యగాండ్రిద్దఱును తడబడుచు తాళము వెదకికొని అతనితో గలియుదురు. పెదవులపై నిలిచిన స్తోత్రముకంటె గుండెలోనుండి వెడలిన పాపాంగీకారము దేవునికి సన్నిహితమను సత్యమును ఈ నాలుగు నిమిషముల సంగీతము రుజువుచేయుచున్నది. విదర్‌స్పూన్‌కు ఆస్కారు లభించినది. ఫీనిక్స్‌కు లభింపకపోవుట నాకు నేటికిని మింగుడుపడని అన్యాయము.

విమోచనఘట్టము మఱింత గొప్పది. విదర్‌స్పూన్ ధరించిన పాత్రయు, క్యాష్ వలచిన సహగాయనియునగు జూన్ కార్టర్ విడాకులు పొందిన స్త్రీ. అంగడిలో నొక భక్తురాలు ఆమెను ముఖముమీదనే నిందింపగా, తమకు ఆశాభంగము కలిగించినందులకు మన్నింపుమని మాత్రమే బదులాడి తొలగును. తప్పిపోయిన కుమారుని యుపమానములోని పెద్దకుమారుడు నేటికిని సంఘములలో సజీవుడై యున్నాడనుటకు ఆ యంగడి చాలును. ఆ జూన్, క్యాష్ ట్రాక్టరుతో సరస్సు బురదలో గూలినపుడు, దిగిపోవుటకు జంకును. నీవెప్పుడో దిగియే యున్నావు గదా యని తల్లి మేబెల్ మెల్లగా ననును. అంతట ఆమె బురదలోనికే దిగును. కృప గట్టుమీద నిలిచి హితము చెప్పదు, దిగివచ్చును. నరావతారమర్మమును శాస్త్రపదమొక్కటియు వాడక తెలిపిన ఘట్టమిది.

అయినను అభిమానము కన్నులకు గంతలు కట్టరాదు. 1967లో టెనెస్సీలోని నికాజాక్ గుహలో చావగోరి ప్రవేశించి, దైవసన్నిధిని అనుభవించి వెలికివచ్చితినని క్యాష్ తన ఆత్మకథలో చెప్పుకొన్న ఉదంతము చిత్రమున లేదు. ఈతడే 1973లో క్రీస్తు చరిత్రమును చిత్రముగా దీసెను. 1986లో అపొస్తలుడైన పౌలుపై నవలను వెలువరించెను. కథను 1968తోనే ముగించుటచే ఈ రెండును మఱుగుపడినవి. అంతకంటె బాధాకరము, వివియన్ కన్నీటికి తెరమీద తగిన తావు దొరకకపోవుట. దెబ్బతిన్నవారి సాక్ష్యము వినని పశ్చాత్తాపము సగము పశ్చాత్తాపమే.

కాని తరువాతివారి అనుకరణములను జూచినపుడు ఈ లోపములు గుణములవలె దోచును! బాల్యమున గాయము, నడుమ మత్తు, తుదిని చప్పట్లు: ఈ అచ్చు ఎంత అరిగెననగా, 2007 నాటికే ‘వాక్ హార్డ్’ అను ప్రహసనము దానిని పగలబడి నవ్వునట్లు వెక్కిరించెను. అయినను నిర్మాతలకు సిగ్గు గలుగలేదు. 2018 నాటి ‘బొహీమియన్ రాప్సొడీ’లో వినబడు గానము ప్రధానముగా ఆ కథకు నాయకుడైన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీదియు, మఱియొక గాయకునిదియు, పెదవులు మాత్రము నటునివి. 1946లోనే త్యాగయ్య పాత్రధారియై, దర్శకుడై, కీర్తనలను స్వకంఠమున నాలపించిన చిత్తూరు నాగయ్యగారి జాతివారము మనము. ఆ చౌకబేరమునకు తలయూపుట మనకు తగునా? ఈ చిత్రములలో పాపము అలంకారమైనది. విమోచనము క్రిక్కిఱిసిన ప్రేక్షకాగారపు హర్షధ్వానమైనది. చప్పట్లు ఏ పాపమునైనను కడిగెనా?

గాయకుని పాపచరిత్రమును తొలుత వ్రాసినది బైబిలే. సితారావాద్యమున నేర్పరియైన దావీదు బత్షెబను చేపట్టుటయు, ఊరియాను చంపించుటయు, నాతాను ప్రవక్త ఎదుట తలవంచుటయు దాపరికము లేక చెప్పబడినవి. క్షమ లభించిన పిమ్మటను ఆ యింట కత్తి చల్లాఱలేదనియు చెప్పబడినది. క్యాష్ సైతము జూన్‌తో వివాహానంతరము మరల మాత్రల పాలై, 1983లో చికిత్సాలయమున జేరవలసివచ్చెను. రక్షణ ఒక్క రాత్రి వేదికపై ముగియునది కాదు. పడి లేచి, మరల పడి, మరల లేచుటయే దాని నడక.

కనుక చలనచిత్రమనగానే లోకసంబంధమని మొగము ద్రిప్పుకొను మన సంఘపెద్దలు ఈ చిత్రమును యువజనులతో గూర్చుండి చూడవలెను. గాయకుల కథలు తీయబూను మన నిర్మాతలు నటులచేత పాడింపవలెను, ద్రోహమునకు గుఱియైనవారిచేత మాట్లాడింపవలెను, చప్పట్లతో కథ నాపక మఱునాటి యుదయమును గూడ జూపవలెను. అంతటి ధైర్యము లేనివారు గాయకుల జోలికి పోకుండుట మేలు.