పోలిగాడు పడే తీరు

జుట్టుపోలిగాడు తెర మీదికి నడిచి రాడు, వచ్చి పడతాడు. ముందు పిలకజుట్టు కనబడుతుంది, ఆ వెనక కాళ్లు. ఆ కాళ్లు నేల మీద నిలిచేలోపే బంగారక్క చేతి దెబ్బ. ఠప్పుమని చప్పుడు. పోలిగాడు గిర్రున తిరిగి బోర్లా పడతాడు. అంతదాకా సుగ్రీవుడి పద్యం వింటూ జోగుతున్న పిల్లలు లేచి కూచుంటారు. కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో తోలుబొమ్మలాట చూసినవాళ్లు రాముడికి మొక్కారు, హనుమంతుడికి ఈలలు వేశారు. మర్నాడు పొద్దున చేను కాడ చెప్పుకొని నవ్వింది మాత్రం పోలిగాడి సంగతులే.

ఈ కళ గురించి రాసేవాళ్లు చాలామంది పోలిగాడు, కేతిగాడు, బంగారక్క, అల్లాటప్ప, గాంధోళిగాళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నిద్ర తేలగొట్టడానికి నడుమ పెట్టిన నవ్వులాట అంటారు. నాకు ఆ మాట ఒప్పదు. బొమ్మలాటలో కష్టమైన విద్య అంతా ఆ నవ్వులాటలోనే ఉంది.

ఎలాగో చూడండి. మేక తోలును శుభ్రంచేసి, వెలుతురు పారేంత పలచగా గీకి, ఆకారం కత్తిరించి, నగల చోట చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులు అద్దుతారు. రాముడు, రావణుడు మనిషెత్తు బొమ్మలు. తెరకు ఆనించి ఈతముల్లుతో గుచ్చేస్తే అలాగే నిలబడతారు. పద్యం నడుస్తున్నంతసేపూ ఒక చెయ్యి కదిపితే చాలు, ఆ నిలకడే వాళ్ల గాంభీర్యం. పోలిగాడికి ఆ వీలు లేదు. వాడు నిలబడితే నవ్వు లేదు. వాడి అతుకులు వదులుగా దారంతో ముడివేసి ఉంటాయి. వెన్నుకు ఒక పుల్ల, చేతులకు రెండు పుల్లలు. ఆడించేవాడికి ఉన్నవి రెండే చేతులు. కాళ్లకు పుల్లలు ఉండవు, అవి వేలాడుతుంటాయి. మణికట్టు విదిలింపుతోనే వాటిని ఎగిరించాలి, తన్నించాలి, చతికిలబడేట్టు చేయాలి. అదుపులో లేని కాళ్లను అదుపులో లేనట్టే చూపిస్తూ, పడాల్సిన చోటే పడేయడం ఏళ్ల సాధన మీద గానీ రాదు.

ఆ పైన దెబ్బ. ఆడించేవాడి కాలి కింద చెక్కపలక ఉంటుంది. తెర మీద చెయ్యి వీపును తాకే క్షణానికి పలక తొక్కాలి. చప్పుడు ముందొస్తే దెబ్బ ఉత్తుత్తిదని తెలిసిపోతుంది, ఆలస్యమైతే నవ్వు చచ్చిపోతుంది. చేతులు ఒక బొమ్మను ఆడిస్తుంటే, కాలు తాళం వేస్తుంటే, నోరు పోలిగాడి సీమ యాసలో తిడుతుంటుంది. ఇంకాసేపటికి అదే నోరు రాముడి పద్యం ఎత్తుకోవాలి. బొమ్మను తెరకు అదిమితే గీత గీసినట్టు కనబడుతుంది. దీపం వైపు లాగితే నీడ పెద్దదై మసకబారుతుంది. పోలిగాడు ఎగిరి అవతల పడ్డాడని చెప్పాలంటే ఆ రెంటి నడుమ ఒక్క ఊపు చాలు.

జపాన్ యానిమేషన్ వాళ్లూ ఇలాంటి లెక్కే వేసుకున్నారు. 1963లో తెజుకా ఒసాము ‘టెట్సువాన్ ఆటమ్’ను వారం వారం టీవీకి ఇవ్వాల్సి వచ్చినప్పుడు బొమ్మల సంఖ్య తగ్గించాడు. కథానాయకుడిని నిలబెట్టి ఉంచి, కదలికను అవసరమైన చోటే ఖర్చుపెట్టాడు. మన వాళ్లు ఈతముల్లుతో చేసిన పని అది. 1952లో ఓఫుజి నొబురో రంగుల సెల్లోఫేన్‌లోంచి వెలుతురు పంపి ‘కుజిరా’ అనే నీడల చిత్రం తీశాడు. వాళ్లు మన దగ్గర నేర్చుకున్నారని అనడం లేదు. వెలుతురుకు ఎదురుగా పలచటి బొమ్మను పెట్టి ప్రాణం పోయాలనుకున్న ఎవరికైనా దారులు దగ్గరదగ్గరగానే ఉంటాయి.

ఇక ఆటల కథల్లో వాళ్లు చూపిన నేర్పు చూస్తే నాకు పోలిగాడు గుర్తుకొస్తాడు. ఇనోఉయె తకెహికో ‘స్లామ్ డంక్’ 1990లో పత్రికలో మొదలై, 1993లో టీవీకెక్కింది. అందులో ఎర్రజుట్టు సకురాగి బాస్కెట్‌బాల్‌కు కొత్త. మొదటిసారి బంతి పట్టుకొని ఎగిరి, తల బోర్డుకు గుద్దుకొని కిందపడతాడు. చూసేవాళ్లకు నవ్వు. పక్కనున్న అమ్మాయి మాత్రం వాడు ఎంత ఎత్తు ఎగిరాడో చూస్తుంది. అంత ఎత్తు ఎగరలేనివాడికి ఆ దెబ్బ తగలదు కదా! ఆ కథ పొడుగునా సకురాగి ముఖం ఒక క్షణం బొటనవేలంత తమాషా బొమ్మవుతుంది, మరుక్షణం చెమట కారే నిజమైన ఆటగాడి ముఖమవుతుంది. ఒకే తెర మీద రాముడి పద్యమూ పోలిగాడి తిట్టూ చూసి పెరిగిన సీమవాళ్లకు ఈ మార్పు వింతగా ఉండదు.

తెర వదిలి మైదానంలోకి వస్తే మనకు ఉట్లమాను ఉంది. ఊరి నడుమ పొడవాటి మాను పాతి, దానికి జిగటమట్టో నూనెలో పూస్తారు. పైన కూచున్నవాళ్లు మీద నీళ్లు కుమ్మరిస్తుంటారు. ఎక్కేవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి పాకుతారు, జరజరా జారిపోతారు. జారినప్పుడల్లా ఊరంతా నవ్వు. కాని ఒక్క సంగతి గమనించాలి. జారిన ప్రతివాడూ తన రొమ్ముతో, తొడలతో ఆ మాను మీది జిడ్డును కొంత తుడుచుకొని దిగుతాడు. చివరికి పైనున్న మూట అందుకొనేవాడు ఎక్కే మాను, పొద్దున పూసిన మాను కాదు. పడినవాళ్లంతా కలిసి దాన్ని ఎక్కదగ్గదిగా చేశారు. ఊరు నవ్వుతూనే ఆ పని చేయించుకుంటుంది.

కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మర్నాడు జరిగే పిడకల సమరం ఇంకో రకం. కాళమ్మ, వీరభద్రుల పెళ్లి తగవును ఊరు రెండు పక్షాలుగా చీలి పిడకలతో తేల్చుకుంటుంది, ఆ తర్వాత దేవుళ్లకు పెళ్లి చేస్తుంది. దెబ్బలు తగులుతాయి, పగలు మిగలవు. కొట్టుకోవడానికి ఒక గడువు, ఒక హద్దు పెట్టడం బంగారక్క చేతి దెబ్బలోనూ ఉంది.

ఇప్పుడు ఈ విద్య ఎక్కడుంది? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో బొమ్మలవాళ్లున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. తోలు దీపాలు, గోడ బొమ్మలు అమ్ముడుపోతున్నాయి, ఇళ్లు గడుస్తున్నాయి, సంతోషమే. అయితే దీపం గొడుగు మీద పోలిగాడు పడలేడు. తెల్లవార్లూ ఆడే ఆటను గంటకు కుదించిన సభల్లో నేను చూసినంతవరకు, లంకాదహనం మిగులుతుంది, పోలిగాడు పోతాడు. వాడి మాటల్లో మోటుతనం ఉందని కొందరు నొచ్చుకుంటారు. ఆ మోటుతనం మన చేనుగట్ల మీదిదే. తోలు చెక్కడం ముక్క చూసి నేర్వవచ్చు, పడే తీరు మాత్రం ఆడుతూ ఉంటేనే కొడుకుకూ కూతురికీ దక్కుతుంది.

కడప, కర్నూలు జిల్లాల్లో తిరునాళ్ల జరిపించే పెద్దలకు ఒక్క మనవి. ఈసారి ఒక రాత్రికి బొమ్మలాట మేళాన్ని పిలిపించండి. పూర్తి ఆట ఆడమనండి, పూర్తి ఆటకు తగిన డబ్బు ఇవ్వండి, పోలిగాడి ఘట్టాన్ని కుదించొద్దని ముందే చెప్పండి. మీ పిల్లలను కాసేపు తెర వెనక కూచోబెట్టి, ఆడించేవాళ్ల పాదాలను చూడమనండి.