పీర్ల పండుగ – ‘మతసామరస్యం’ అనే మాట: విమర్శనాత్మక పరిశీలన

తెలుగు గ్రామాలలో మొహర్రం మాసంలో జరిగే పీర్ల పండుగను గురించి వచ్చిన వ్యాసాలలో అధికభాగం ఒకే మాట దగ్గర ఆగుతాయి: మతసామరస్యం. హిందువులు పీరు ఎత్తుతారు, ముస్లిములు ఫాతెహా చదువుతారు, కనుక ఊరిలో సామరస్యం ఉన్నది అన్నది వీటి తర్కం. నిరూపించవలసిన విషయం ఇక్కడ నిర్ధారణగా మారిపోయింది.

ముందుగా ఆ ప్రదర్శన స్వరూపాన్ని గమనించాలి. క్రీ.శ. 680లో కర్బలాలో ప్రాణాలర్పించిన ఇమాం హుస్సేన్ స్మృతి ఈ పండుగకు మూలం. ఏడాదంతా పెట్టెలో ఉండే లోహపు పీర్లను నెలవంక కనిపించిన తరువాత బయటికి తీసి, శుభ్రపరచి, దట్టీలు కట్టి చావిడిలో నిలుపుతారు. చావిడి ముందు అలావాలో నిప్పు రాజేస్తారు. పదవ నాటి ఊరేగింపు తరువాత పీర్లు తిరిగి పెట్టెలోకి చేరతాయి. చావిడి శాశ్వతమే కాని, దాని ముందున్న వీధి మాత్రం పది రోజుల అరువు. మరునాటి నుండి ఆ వీధి మళ్ళీ బండ్లకు, పశువులకు, అందరి రాకపోకలకు.

ఈ అరువు ఇరుగుపొరుగుల అంగీకారంతోనే సాధ్యం. హిజ్రీ సంవత్సరం సౌరమానం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది కావడంతో మొహర్రం ఋతువులన్నింటినీ చుట్టివస్తుంది. 2017లో సెప్టెంబరు 30న విజయదశమి రాగా మరునాడే ఆషూరా వచ్చింది. 2018లో సెప్టెంబరు 21న ఆషూరా, 23న అనంత చతుర్దశి నాటి గణేశ నిమజ్జనం. ఏ ఊరేగింపు ఏ వేళకు ఏ దారిన పోవాలో, ఏ గుమ్మం ముందు వాద్యం ఆగాలో పెద్దలు కూర్చుని తేల్చుకోవలసిన సంవత్సరాలివి. ఇటువంటప్పుడు వీధిని కాపాడేది ఆత్మీయత కన్నా ఒప్పందమే. దానిని సామరస్యమని కీర్తించే వ్యాసాలు ఒప్పందపు షరతులను నమోదు చేయవు; పరిశోధకునికి కావలసినవి నిజానికి అవే.

అర్థాలు కూడా ఒకటి కావు. హైదరాబాదులో డబీర్‌పురా నుండి చాదర్‌ఘాట్ వరకు సాగే బీబీ కా ఆలం ఊరేగింపు శోక ప్రదర్శన. పల్లెలో పీరు మొక్కులు తీర్చే దైవం. అలావా చుట్టూ ఆటపాటలుంటాయి. హుస్సేనప్ప, ఫకీరప్ప వంటి పేర్లు హిందూ కుటుంబాలలో నిలిచినది ఆ నమ్మకం వల్లనే. ఒకరి సంతాపం మరొకరికి సంబరం. అయినా వీధి అదే.

ఈ సంక్లిష్టతను పట్టుకున్న అధ్యయనం అఫ్సర్ మొహమ్మద్ ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ (2013). అనంతపురం ప్రాంతంలోని గూగూడు కుళ్ళాయప్ప ఆరాధన దీని క్షేత్రం. తాత్కాలిక ఫకీరీని, అంటే భక్తులు కొద్ది రోజులు స్వీకరించే నియమబద్ధ జీవనాన్ని, ఈ గ్రంథం వివరంగా చర్చిస్తుంది. ఇక్కడ విశ్వాసం భక్తుని దేహం మీదా దినచర్యలోనూ వ్యక్తమవుతుంది. స్థలం మీద హక్కు చాటవలసిన అవసరం దానికి లేదు. పీర్ల ఆరాధన ఇస్లాంకు సమ్మతమా అన్న వివాదాన్ని దాచకుండా, దానిని కూడా స్థానిక ఇస్లాంలో భాగంగానే చూడటం ఈ గ్రంథపు బలం.

సామరస్య పరిభాష ఇబ్బంది పెట్టేది సరిగ్గా ఈ వివాదం దగ్గరే. గ్రంథ ప్రామాణ్యాన్ని నమ్మి పీర్ల చావిడికి దూరమైన ముస్లిమును ఈ పరిభాష సామరస్యానికి భంగం కలిగించినవానిగా చూపుతుంది. పీరుకు మొక్కడం మానుకున్న హిందువును గురించి అటువంటి మాట అరుదుగా వినిపిస్తుంది. అంటే సామరస్యాన్ని నిరూపించుకునే భారం ఒక పక్షానికే మిగిలింది. ఉమ్మడి స్థలంలో పాల్గొనే హక్కుతో పాటు తప్పుకునే హక్కు కూడా ఉండాలి. అది లేనిచోట పాల్గొనడం ఒక పరీక్షగా మారుతుంది.

ముస్లిం కుటుంబమే లేని గ్రామాలలో సైతం పీర్ల పండుగ జరగడం సామరస్యానికి పరాకాష్ఠగా పేర్కొనే అలవాటు ఒకటున్నది. అది ఆ ఊరి భక్తికి సాక్ష్యమే, సందేహం లేదు. కాని సామరస్యానికి కనీసం ఇద్దరుండాలి. అక్కడ ఒకప్పుడు ముస్లిములు ఉండేవారా, ఉంటే ఎప్పుడు, ఎందుకు వెళ్ళిపోయారు అన్న ప్రశ్న ఆ వ్యాసాలలో కనబడదు.

కులం సంగతి కూడా ఇంతే. అలావా తవ్వేదెవరు, డప్పు కొట్టేదెవరు, పీరును తాకే అర్హత ఎవరిది, మొదటి దట్టీ ఏ ఇంటినుండి రావాలి అన్నవి ప్రతి ఊరిలోనూ వేరుగా నిర్ణయమై ఉంటాయి. చాలాచోట్ల దూదేకుల, ఫకీరు కుటుంబాలు ముజావరు బాధ్యత వహిస్తున్నాయి. ఆ కుటుంబంలోని తరువాతి తరం విశ్వాసం మారి పీరు ఎత్తనంటే పెట్టె తాళంచెవి ఎవరి చేతికి పోతుంది, దానిని నిర్ణయించేది ఎవరు అన్నది క్షేత్రపర్యటనలో మొదట అడగవలసిన ప్రశ్న.